పట్టాలపై అడ్డంకి ఉంటే రైలు ఎప్పుడు పట్టాలు తప్పుతుంది, ఎప్పుడు తప్పదు?

కాన్పూర్ దగ్గర గ్యాస్ సిలిండర్‌ను ఢీకొన్న కాళింది ఎక్స్‌ప్రెస్‌కు ఏమీ కాలేదనీ, దానికి మూడు వారాల ముందు అదే కాన్పూర్ శివార్లలో ఏదో వస్తువు తగిలి సాబర్మతి ఎక్స్‌ప్రెస్ ఇరవై పెట్టెలు పట్టాలు దిగాయనీ, వంద టన్నులు దాటిన ఇంజన్‌ను ఒక మనిషి మోయగల వస్తువు పక్కకు నెట్టిందంటే నమ్మశక్యంగా లేదనీ మీరు రాశారు. పట్టాలు, వాటి కింద అడ్డంగా పరిచే స్లీపర్లు, కంకర చూసుకునే పర్మనెంట్ వే విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసినవాడిని కనుక, నాకు తెలిసినంతలో వివరంగా సమాధానం చెబుతాను. ముందే ఒక మాట చెప్పాలి. అడ్డంకి ఎంత పెద్దదన్న ప్రశ్న దగ్గర ఆగిపోతే ఈ ప్రమాదాలు అర్థం కావు. అది ఎంత ఎత్తులో ఉంది, చక్రానికీ పట్టాకూ మధ్యకు చేరగలిగిందా లేదా, రైలు ముందు భాగాన ఎంత బరువున్న వాహనం ఉంది, తగిలిన చోటు దాటాక పట్టా తిన్నగా ఉందా, వంపు తిరిగిందా, ఒక లైను నుంచి మరో లైను చీలే పాయింట్లు ఉన్నాయా అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

చక్రాన్ని పట్టాపై నిలిపి ఉంచేది దాని లోపలి అంచున ఉండే ఫ్లాంజ్. మన బ్రాడ్‌గేజ్ చక్రాలకు కొత్తగా ఉన్నప్పుడు దీని ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త ఎక్కువ. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు పక్కకు జారకుండా ఆపుతున్నది ఈ అంగుళం ఉక్కే. చక్రం పైనుంచి పడే భారం ఎక్కువగా, పక్కకు తోసే బలం తక్కువగా ఉన్నంతవరకు ఫ్లాంజ్ తన చోటున ఉంటుంది. పైభారం తగ్గినా, పక్కబలం పెరిగినా ఫ్లాంజ్ పట్టా పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. ఈ రెండు బలాల నిష్పత్తికి హద్దు చెప్పే సూత్రం నాదాల్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు పేరుతో వందేళ్లకు పైగా వాడుకలో ఉంది, నేటికీ పట్టాలు తప్పిన ఘటనలను విశ్లేషించేటప్పుడు మొదట చూసేది దానినే. అడ్డంకి చేసే పని కూడా ఈ నిష్పత్తిని ఒక్క క్షణం పాటు చెడగొట్టడమే. అది చక్రాన్ని పైకి లేపి భారం తగ్గించవచ్చు, బోగీకి, అంటే పెట్టె కింద చక్రాలు అమర్చిన చట్రానికి, ఒక పక్కన తగిలి పక్కబలాన్ని పెంచవచ్చు, ఒక్కోసారి రెండూ కలిసే జరుగుతాయి.

పిల్లలు పట్టాపై పెట్టే కంకర రాళ్లు సాధారణంగా ఇంజన్‌ను ఏమీ చేయలేవు. మన ప్రయాణికుల రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజన్ 123 టన్నులు ఉంటుంది, ఒక్కో చక్రంపై పది టన్నులకు పైగా భారం పడుతుంది. చక్రమూ పట్టా తాకే చోటు చిన్న నాణెం అంత కూడా ఉండదు కనుక ఆ ఒత్తిడికి రాయి పిండి అవుతుంది. అయితే దీనిని ధైర్యంగా తీసుకోకూడదు. రాయి చిట్లి ఎగిరినప్పుడు గేటు దగ్గర నిలబడ్డ మనిషి కన్ను పోయే ప్రమాదం ఉంది. అలాగే ఖాళీ వ్యాగన్లు ముందుండి, వెనుక నుంచి ఇంజన్ నెడుతున్న రైలు వంపులో వస్తున్నప్పుడు ఆ లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఇక సిలిండర్ విషయానికి వస్తే, ఇంజన్ ముందు భాగంలో పట్టాకు కొన్ని అంగుళాల ఎత్తున క్యాటిల్ గార్డ్ అనే బలమైన ఇనుప కవచం ఉంటుంది. దానికంటే ఎత్తుగా ఉన్న వస్తువును అది పక్కకు విసిరేస్తుంది. దానికంటే బాగా తక్కువ ఎత్తులో, రెండు పట్టాల మధ్య ఉన్న వస్తువు మీదుగా ఇంజన్ దాటిపోతుంది. అపాయమంతా ఈ రెండింటి నడుమ ఉన్నవాటితోనే వస్తుంది, ముఖ్యంగా కవచం కిందికి దూరి, నలగకుండా, పక్కకు దొర్లకుండా చక్రం ముందు ఇరుక్కునే గట్టి వస్తువులతో. నిండు సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది, తగలగానే దొర్లుతుంది లేదా ఎగురుతుంది. 2024 సెప్టెంబరు 8 రాత్రి కాళింది ఎక్స్‌ప్రెస్ విషయంలో అదే జరిగింది. ఆ సిలిండర్ పేలి ఉంటే కథ వేరుగా ఉండేదన్నది నిజమే, కానీ పట్టాలు తప్పించడానికి అది అంత అనువైన వస్తువు కాదు. అదే ఒక మీటరు పొడవున్న పట్టా ముక్కను తీసుకోండి. మన ప్రధాన మార్గాల్లో వాడే పట్టా మీటరుకు 60 కిలోలు, అంటే రెండు సిలిండర్ల బరువు. దాని అడుగు భాగం చదునుగా ఉంటుంది కనుక దొర్లదు, గట్టి ఉక్కు కనుక నలగదు. మార్చిన పాత పట్టా ముక్కలు, తీసేసిన స్లీపర్లు లైను పక్కన వదిలేయవద్దని మా విభాగం వారిని అధికారులు పదే పదే హెచ్చరించేది ఇందుకే. దుష్ట బుద్ధి ఉన్నవాడికి సామగ్రిని మనమే అందించినట్లవుతుంది. ఈ ఒక్క విషయంలో రైల్వే క్రమశిక్షణ ఇంకా చాలా మెరుగుపడాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

రైలు ముందున్న వాహనం బరువు ఎంత ముఖ్యమో చెప్పడానికి స్కాట్లాండ్‌లోని పోల్మాంట్ ఘటనకు మించిన ఉదాహరణ లేదు. 1984 జులై 30 సాయంత్రం ఎడిన్‌బరో నుంచి గ్లాస్గో వెళ్తున్న రైలు ఒక ఆవును ఢీకొంది. ఆ రైలులో ఇంజన్ వెనుక ఉండి నెడుతోంది, ముందున్నది డ్రైవరు గది అమర్చిన మామూలు ప్రయాణికుల పెట్టె, బరువు నలభై టన్నులు కూడా లేదు. ఆవు కళేబరం ముందు చక్రాల కిందికి వెళ్లి వాటిని లేపింది, పెట్టె పట్టాలు దిగింది, వెనుక నుంచి నెడుతున్న ఇంజన్ బలంతో మిగిలిన పెట్టెలు దాని మీదికి వచ్చాయి. 13 మంది చనిపోయారు. కంచె సరిగ్గా లేని చోట నుంచి పశువు లైనులోకి వచ్చింది. మన దేశంలో ఇంజన్లకు పశువులు తగలని రోజు ఉండదు, అయినా పట్టాలు తప్పడం అరుదు. కారణం మన పశువుల గొప్పతనం కాదు, ముందున్న ఇంజన్ బరువే. పోల్మాంట్ తరువాత బ్రిటన్‌లో అటువంటి పెట్టెలకు ముందు భాగాన అడ్డంకులను తోసేసే బలమైన కవచాలు బిగించారు.

వందే భారత్ గురించి మీరు వేసిన ఉపప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. దానిలో విడిగా ఇంజన్ లేదు, ముందున్నది ప్రయాణికులు కూర్చునే పెట్టే. 2022 అక్టోబరులో గాంధీనగర్–ముంబయి మార్గంలో వరుసగా రెండు రోజులు పశువులు తగిలి దాని ముక్కు భాగం విరిగితే చాలామంది ఎగతాళి చేశారు. ఆ ముక్కు గాలిని చీల్చడానికి పెట్టిన పైతొడుగు, తగిలితే విరిగిపోవడం, వెంటనే మార్చుకోగలగడం దాని రూపకల్పనలోనే ఉంది. పట్టాలు తప్పకుండా కాపాడేది దాని వెనుక, కింద ఉండే కవచం. అయితే విడి ఇంజన్ లేని రైళ్లు వేగంగా తిరిగే మార్గంలో కంచె అన్నది అలంకారం కాదని రైల్వే గుర్తించి, ముంబయి–అహ్మదాబాద్ మార్గం పొడవునా ఇనుప కంచె వేయించింది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని మరో విషయానికి వస్తాను. అడ్డంకి తగిలిన చోటే రైలు పడిపోవాలని లేదు. చక్రం పట్టా దిగినా, పట్టాల మధ్య స్లీపర్ల మీద దొర్లుతూ రైలు చాలా దూరం నిటారుగానే వెళ్లగలదు. ఆ సమయంలో బ్రేకులు పనిచేసి వేగం తగ్గితే ప్రాణనష్టం ఉండదు. కానీ ముందు పాయింట్లు వస్తే, దిగిన చక్రం తప్పు వైపు పట్టుకుని బోగీని అడ్డంగా తిప్పేస్తుంది. 2001 ఫిబ్రవరి 28న ఇంగ్లండ్‌లోని గ్రేట్ హెక్ దగ్గర ఒక ల్యాండ్ రోవర్ వాహనం రహదారి నుంచి జారి రైలు పట్టాల మీద పడింది. లండన్ వెళ్తున్న రైలు దానిని ఢీకొని ముందు బోగీ దిగినా నిటారుగానే సాగిపోయింది. కొంత దూరం తరువాత వచ్చిన పాయింట్లు దానిని పక్క లైను వైపు మళ్లించాయి, సరిగ్గా అప్పుడే ఎదురుగా బొగ్గు రైలు వచ్చింది. 10 మంది మరణించారు. 2004 నవంబరులో అదే దేశంలో అఫ్టన్ నెర్వెట్ గేటు దగ్గర కారును ఢీకొన్న రైలు కూడా పాయింట్లు చేరాకే పూర్తిగా చెల్లాచెదురైంది, అక్కడ ఏడుగురు పోయారు. అందుకే గేటు స్టేషను పాయింట్లకు దగ్గరగా ఉన్న చోట, వంపు మొదలయ్యే చోట నిఘా ఎక్కువ ఉండాలని మేము పట్టుబట్టేవాళ్లం.

ఇక పక్క లైను ప్రమాదం మన దేశానికి బాగా అనుభవంలో ఉన్నదే. 1998లో పంజాబ్‌లోని ఖన్నా దగ్గర పట్టాలు తప్పిన ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలను ఎదురుగా వచ్చిన సియాల్దా ఎక్స్‌ప్రెస్ ఢీకొని రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర కోరమాండల్ పెట్టెలు యశ్వంత్‌పూర్–హౌరా రైలుకు అడ్డం వచ్చిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. అంటే మొదట పడిన రైలే రెండో రైలుకు అడ్డంకి. లోకో పైలట్‌కు ఏ చిన్న అనుమానం వచ్చినా, రైలు హఠాత్తుగా ఆగినా, ఇంజన్ పైనున్న పసుపు ఫ్లాషర్ దీపం వెలిగించాలన్న నియమం దీని కోసమే పుట్టింది. దానిని చూసిన ఎదురు రైలు ఆగాలి. ఆ పైన సిబ్బంది పక్క లైనులో 600 మీటర్ల దూరాన ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దూరాన పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు పెట్టాలి, చక్రం ఎక్కగానే అవి పేలి వచ్చే రైలును హెచ్చరిస్తాయి. ఒక మనిషి చీకట్లో కంకర మీద కిలోమీటరుకు పైగా పరుగెత్తి ఈ పని చేయాలన్నది గుర్తుంచుకుంటే, ఫ్లాషర్ దీపం విలువ తెలుస్తుంది.

పట్టాలు తప్పకుండానే అడ్డంకి ఎంత ఘోరం చేయగలదో చెప్పకపోతే ఈ సమాధానం అసంపూర్ణమే. 1995 ఆగస్టు 20 తెల్లవారుజామున ఫిరోజాబాద్ దగ్గర ఒక రైలుకు నీల్‌గాయ్ అనే అడవి జంతువు తగిలింది. రైలు పట్టాలు తప్పలేదు. కానీ బ్రేకుల వ్యవస్థ దెబ్బతిని కదలలేక నిలిచిపోయింది. అది ఇంకా సెక్షన్‌లోనే, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులోనే, ఉందన్నది గుర్తించకుండా వెనుక వస్తున్న పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌ను అదే లైనులోకి వదిలారు. అది వెనుక నుంచి ఢీకొని మూడు వందల మందికి పైగా మరణించారు. ఆగిపోయిన ఆ రైలు పేరు కూడా కాళింది ఎక్స్‌ప్రెసే కావడం కేవలం కాకతాళీయం.

అడ్డంకిని చూసి లోకో పైలట్ ఆపలేడా అన్న మీ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పడం మేలు. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. రాత్రి హెడ్‌లైటు వెలుతురులో పట్టాపై ఉన్న నల్లని ఇనుప ముక్క మహా అయితే మూడు వందల మీటర్ల దూరాన గుర్తుపట్టవచ్చు, అంటే చేతిలో ఉన్నది ఎనిమిది సెకన్లు. అత్యవసర బ్రేకు వేసినా ఆ వేగంలో రైలు ఆగడానికి కిలోమీటరుకు అటూఇటుగా పడుతుంది. పగటి పూట, తిన్నని లైనులో, అడ్డంకి పెద్దదైతే ఆపగలిగిన సందర్భాలు ఉన్నాయి. మిగిలిన వేళల్లో బ్రేకు వేసినా ఢీకొనడం తప్పదు, ఢీకొనే వేగం మాత్రం తగ్గుతుంది. ఆ తగ్గుదలే ఎన్నో ప్రాణాలను నిలుపుతుంది కనుక బ్రేకు ఎందుకు వేశావని ఏ లోకో పైలట్‌నూ ఎవరూ అడగరు.

సిగ్నల్ వ్యవస్థ ఈ విషయంలో మనం అనుకున్నంత సాయం చేయదు. పట్టాల్లోనే కరెంటు పారించి రైలు ఉనికిని పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ ఉన్న చోట రెండు పట్టాలనూ కలుపుతూ ఇనుప కడ్డీ పడితే విద్యుత్ వలయం కలిసి సిగ్నల్ ఎర్రబడుతుంది. బండరాయి పడినా, చెట్టు కూలినా, సిమెంటు స్లీపర్ పెట్టినా ఆ వలయానికి ఏమీ తెలియదు. ఇరుసులను లెక్కించే యాక్సిల్ కౌంటర్లకైతే ఇనుప కడ్డీ సంగతి కూడా తెలియదు, సెక్షన్‌లోకి ఎన్ని ఇరుసులు వెళ్లాయో అన్నీ బయటికి వచ్చాయా లేదా అన్నదే వాటి పని. మన దక్షిణ మధ్య రైల్వేలోనే లింగంపల్లి–వికారాబాద్ ప్రాంతంలో తొలి పరీక్షలు జరుపుకొన్న కవచ్ అనే రైళ్ల రక్షణ వ్యవస్థ కూడా పట్టాపై రాయిని చూడలేదు. ఎర్ర సిగ్నల్ దాటకుండా, వేగం మించకుండా, రెండు రైళ్లు ఢీకొనకుండా కాపాడడం దాని బాధ్యత. ఒక రైలు ప్రమాదంలో పడితే చుట్టుపక్కల రైళ్లను ఆపే ఎస్‌ఓఎస్ సదుపాయం దానిలో ఉంది, పక్క లైను ముప్పుకు అది నిజంగా పనికొస్తుంది. పట్టాపై ఉన్న వస్తువును కనిపెట్టేది మాత్రం ఈనాటికీ రోజూ తన వంతు లైను పొడవునా నడిచి పరీక్షించే కీమ్యాన్ కళ్లే.

అడ్డంకి అనగానే కుట్ర అన్న మాట నోటికి వస్తోంది గానీ, నేను చూసినంతలో కొండ, వాన, పశువు, రోడ్డు వాహనం, మన సొంత నిర్మాణ పనులు, వీటి వాటాయే ఎక్కువ. 2003 జూన్‌లో కొంకణ్ రైల్వేలో వైభవ్‌వాడి దగ్గర వానకు కొండ జారి పట్టాల మీదకు వచ్చిన బండలను ప్రత్యేక రైలు ఢీకొని 50 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది జూన్‌లో అదే మార్గంలో మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ బండలు తగిలి వంతెన దగ్గర పట్టాలు తప్పింది. ఆ తరువాత కొండ చరియలకు ఉక్కు వలలు కట్టారు, తవ్విన వాలులను వెడల్పు చేశారు, వానాకాలంలో వేగం తగ్గించి వేరే టైంటేబుల్ నడుపుతున్నారు. మన విశాఖపట్నం–అరకు కేకే (కొత్తవలస–కిరండూల్) లైనులో కూడా సొరంగాలకూ లోయలకూ మధ్య వానాకాలంలో బండలు జారడం కొత్త కాదు, అక్కడ బలహీనమైన వాలుల దగ్గర రాత్రింబవళ్లు కాపలాదారులను కూర్చోబెడతారు. 2017 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ఔరైయా దగ్గర కైఫియాత్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది కూడా కుట్ర వల్ల కాదు, సరకు రవాణా కారిడార్ పనుల ఇసుక డంపర్ లైను మీద పడిపోవడం వల్ల. డెబ్బై మందికి పైగా గాయపడ్డారు.

అయితే కుట్ర అసలే ఉండదని కూడా నేను అనడం లేదు. ఏది ఏమిటో తేల్చేది పట్టా మీద మిగిలిన గుర్తులే. పట్టా అరిగి, చక్రం అరిగి నెమ్మదిగా ఎక్కినప్పుడు పట్టా తల లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు సన్నని మెరిసే గీత ఏటవాలుగా కొన్ని మీటర్లు సాగుతుంది, అది ముగిసిన చోటు నుంచి స్లీపర్లపై దెబ్బలు మొదలవుతాయి. 60 సెంటీమీటర్ల ఎడంతో ఒక్కో స్లీపర్ సిమెంటు పగిలి, పట్టాను పట్టుకున్న క్లిప్పులు ఒక వైపే తెగి వరుసగా పడి ఉంటాయి. అడ్డంకి వల్ల చక్రం ఒక్కసారి ఎగిరితే ఆ ఏటవాలు గీత ఉండదు, లేదా చాలా పొట్టిగా ఉంటుంది, పడిన దెబ్బ నేరుగా మొదలవుతుంది. దానికి తోడు క్యాటిల్ గార్డ్‌పై పదునైన దెబ్బ, ఆ దెబ్బ ఎత్తుకూ ఆకారానికీ సరిపోయే వస్తువు లైను పక్కన దొరకాలి. 2024 ఆగస్టు 17న సాబర్మతి ఎక్స్‌ప్రెస్ తరువాత రైల్వే మంత్రి ఇంజన్‌పై పదునైన దెబ్బ గుర్తులు ఉన్నాయని చెప్పింది ఈ అర్థంలోనే. ఇరవై పెట్టెలు దిగినా ఎవరికీ ప్రాణాపాయం కలగకపోవడం ఆ రాత్రి అదృష్టం. మరోవైపు, అదే ఏడాది సెప్టెంబరులో సూరత్ దగ్గర కీమ్‌లో పట్టాల చివరలను కలిపి ఉంచే ఫిష్ ప్లేట్లు తీసేసిన ఘటనలో, విద్రోహాన్ని కనిపెట్టామని సమాచారం ఇచ్చిన రైల్వే సిబ్బందే మెప్పు కోసం ఆ పని చేశారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. తొలి రోజు వార్త చదివి తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి? పెద్ద ప్రమాదాలపై విచారణ జరిపే రైల్వే భద్రతా కమిషనర్‌ను రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంచింది కూడా ఆ తీర్పు స్వతంత్రంగా ఉండాలనే. ఉద్దేశపూర్వకంగా అడ్డం పెట్టినట్టు రుజువైతే 1989 రైల్వే చట్టం 150వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష, చంపాలన్న ఉద్దేశంతో చేసి ప్రాణాలు పోతే మరణశిక్ష వరకు పడవచ్చు.

చివరగా, పట్టాపై ఏదైనా కనిపిస్తే మీవంటి మామూలు మనిషి ఏం చేయాలని అడిగారు. బరువైన వస్తువును ఒంటరిగా తీయబోయి లైనులో చిక్కుకోవద్దు. దగ్గర్లో గేటు ఉంటే గేట్‌మ్యాన్‌కు, లేకపోతే 139 నంబరుకు వెంటనే చెప్పండి. ఊరి పేరు చెబితే సరిపోదు, లైను పక్కన కరెంటు తీగలు మోసే స్తంభంపై 512/14 వంటి అంకె రాసి ఉంటుంది, అది 512వ కిలోమీటరులో 14వ స్తంభం అని అర్థం. ఆ అంకె చెబితే కంట్రోలు గదిలో ఉన్నవారు ఏ సెక్షన్‌లో ఏ రైలును ఆపాలో తక్షణం గ్రహించగలరు. అది చెప్పాక, రైలు వచ్చే దిశగా లైనుకు పక్కగా, పట్టాలకు దూరంగా వీలైనంత ముందుకు నడిచి, పగలైతే ఎర్ర గుడ్డ, అది లేకపోతే రెండు చేతులూ తలపైకెత్తి, రాత్రయితే ఏ దీపమైనా వేగంగా అటూఇటూ ఊపండి. అలా ఊపిన దీపాన్ని ప్రమాద సూచనగానే తీసుకుని ఆగాలని లోకో పైలట్లకు నేర్పిస్తారు.